నౌపడ ఉప్పు, కాంగ్రా లెక్క: వులిమిరి రామలింగస్వామి స్మృతిలో

కోటబొమ్మాళిలో రైలెక్కి పలాస వైపు పోతే కాసేపటికే నౌపడ జంక్షన్ వస్తుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో అక్కడి నుంచే పరుగు మొదలుపెట్టింది. స్టేషన్‌కు అవతల సముద్రం దిక్కున ఉప్పు మడులు పరచుకుని ఉంటాయి. ఎండకు నీరు ఇగిరిపోగా మిగిలే ఆ రాళ్ల ఉప్పులో సోడియం, క్లోరిన్ నిండుగా ఉంటాయి. అయొడిన్ మాత్రం దాదాపు ఉండదు. సముద్రపు ఉప్పు గదా, ఉండకేం అని చాలామంది అనుకుంటారు. లీటరు సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 గ్రాములుంటే, అయొడిన్ 50, 60 మైక్రోగ్రాములకు మించదు. అదంతా ఎగిరిపోకుండా మడిలోనే నిలిచిందనుకున్నా, రోజుకు పది గ్రాముల ఉప్పు తినే మనిషికి దక్కేది 17 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు రోజూ కావలసింది 150. కడుపుతో ఉన్న తల్లికి 220 నుంచి 250.

ఈ లెక్కను దేశం పట్టించుకునేలా చేసినవారిలో ముందువరసలో నిలిచిన మనిషి ఈ జిల్లావాడే. వులిమిరి రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో వైద్యం చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి, కూనూరులోని పోషకాహార పరిశోధనశాలల్లో పనిచేశారు. ఆ తర్వాత ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు 1969 నుంచి పదేళ్లు డైరెక్టరుగానూ, 1979 నుంచి 1986 దాకా భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగానూ ఉన్నారు. 1976లో పద్మవిభూషణ్, 1986లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చాయి. 2001 మేలో కన్నుమూశారు. బిరుదుల జాబితా ఇంకా ఉంది గానీ, ఈ సభకు కావలసింది ఆయన ఉప్పుతో చేసిన పని.

ఆయనను స్మరించుకునే చోట మందులు, విటమిన్లు, మనసు, తెలివి గురించి మాట్లాడటం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మెడికల్ షాపు అద్దాల వెనక జ్ఞాపకశక్తి మాత్రలు, పరీక్షల కాలం టానిక్కులు, దిగులు పోగొట్టే గోలీలు వరసగా ఉంటాయి. ఏది పనిచేస్తుంది, ఎవరికి పనిచేస్తుంది అని తేల్చే పద్ధతిని మన దేశంలో ఊళ్లకు ఊళ్ల మీద, ఏళ్ల తరబడి నడిపి చూపిన తొలి ప్రయోగాల్లో కాంగ్రా ఒకటి. అక్కడ వాడిన పదార్థం వంటింటి ఉప్పు.

కాంగ్రా లోయ ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది, అప్పుడది పంజాబ్. హిమాలయాల అడుగున ఆ లోయలో గొంతు దగ్గర గడ్డలా ఉబ్బిన థైరాయిడ్, అంటే గాయిటర్, ఇంటింటా కనిపించేది. బడిపిల్లల్లో మూడో వంతుకు మించి ఉండేది. 1956లో రామలింగస్వామి బృందం సుమారు లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేసింది. ఒక భాగానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఇంకో భాగానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, మూడో భాగానికి మామూలు ఉప్పు సరఫరా అయ్యాయి. ఆరేళ్ల తర్వాత చూస్తే అయొడిన్ అందిన రెండు చోట్లా పిల్లల్లో గాయిటర్ సుమారు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్న చోట ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు ఆ భాగానికీ అయొడిన్ ఉప్పు ఇచ్చారు. అక్కడా తగ్గడం మొదలైంది.

మూడో భాగంలోని పిల్లలను ఆరేళ్లు అలా వదిలేయడం న్యాయమా? ఇప్పుడైతే ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. అయొడిన్ గాయిటర్‌ను తగ్గిస్తుందని స్విట్జర్లాండ్‌లోనూ అమెరికాలోనూ అప్పటికే తెలుసు. అయితే ఈ దేశపు తేమలో, గోనె సంచుల్లో, గుర్రాల మీద వెళ్లే ఉప్పులో అది నిలుస్తుందా అన్నది తెలియదు. పక్కనే పోల్చి చూసే ఊళ్లు లేకపోతే ప్రభుత్వం దగ్గర చెల్లే సాక్ష్యమూ ఉండేది కాదు. ఆ సాక్ష్యం బలంతోనే 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. లాభం ఎంతో స్పష్టంగా ఉన్నా, ఆ ఆరేళ్ల బాకీ ఆ ఊళ్లకు ఉండిపోయిందనే ఈ వక్త అభిప్రాయం.

రెండు రకాల అయొడిన్ ఎందుకు వాడారన్నది కోస్తావాళ్లకు బాగా పనికొచ్చే సంగతి. అయొడైడ్ తేమకు, ఎండకు తొందరగా పోతుంది. అయొడేట్ నిలకడగా ఉంటుంది. మన దేశం రెండోదాన్నే ఎంచుకుంది. అయినా మూత లేని డబ్బాలో పొయ్యి పక్కన పెడితే అదీ క్రమంగా తగ్గిపోతుంది. అందుకే తయారీ దగ్గర పది లక్షల పాళ్లకు 30 పాళ్లు, వాడేవాళ్ల చేతికి వచ్చేసరికి కనీసం 15 పాళ్లు ఉండాలని అప్పట్లో కొలత పెట్టుకున్నారు. మధ్యలో పోయేదానికి ముందే లెక్క కట్టారన్నమాట. పెద్ద రాళ్ల ఉప్పుకు అయొడిన్ సమంగా పట్టదు. సంతలో కుప్ప పోసి అమ్మే ఉప్పుకూ ప్యాకెట్టు ఉప్పుకూ తేడా ప్రధానంగా ఇక్కడే వస్తుంది.

ఇంతవరకు కథ గొంతు గురించి. మెదడు దాకా రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 హార్మోన్ అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులుంటాయి, టీ3లో మూడు. ఆ హార్మోను లేకుండా పిండంలో మెదడు కణాలు తమ చోటికి సరిగా చేరవు. గర్భంలో మొదటి మూడు నెలలు బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, తల్లిదే ఆధారం. తల్లికి బాగా కొరతైతే బిడ్డ చెవుడు, మూగతనం, మందబుద్ధితో పుట్టవచ్చు. 1971లో పాపువా న్యూగినీలో ఫారో బృందం గర్భానికి ముందే అయొడిన్ నూనె సూది వేసి ఇలాంటి జననాలను ఆపవచ్చని చూపింది. మన దేశంలో ఉత్తరప్రదేశ్ తరాయి ప్రాంతంలో అప్పుడే పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షించిన కొచ్చుపిళ్లై, రామలింగస్వామి తదితరులు థైరాయిడ్ లోపంతో పుట్టేవాళ్లు ఎంత ఎక్కువో బయటపెట్టారు. గొంతు గడ్డ కంటికి కనిపిస్తుంది. తరగతిలో వెనకబెంచీకి పోయిన పిల్లాడి నష్టాన్ని ఎవరూ ఉప్పు దాకా వెదకలేదు. 1983లో ఆస్ట్రేలియా వైద్యుడు బాసిల్ హెట్జెల్ వీటన్నిటినీ కలిపి అయొడిన్ లోప రుగ్మతలని పేరు పెట్టాక, 1992లో మన కార్యక్రమం పేరు కూడా ఆ ప్రకారమే మారింది.

కొండ ప్రాంతాల జబ్బు గదా, చేపలు తినే ఈ జిల్లా ఉద్దానం తీరానికేమిటని అనుకోనక్కర్లేదు. దేశంలో 325 జిల్లాల్లో సర్వే చేస్తే 263 జిల్లాల్లో ఈ లోపం ప్రబలంగా తేలింది. ఏ రాష్ట్రమూ దీనికి మినహాయింపు కాలేదు. అయినా సర్కారు మాత్రం స్థిరంగా లేదు. 1998లో అయొడిన్ లేని తిండి ఉప్పు అమ్మకంపై దేశమంతటా నిషేధం వచ్చింది. 2000లో దాన్ని ఎత్తేశారు. 2006లో మళ్లీ పెట్టారు. చిన్న ఉప్పు రైతుల బతుకు మాటేమిటన్న వాదన ఆ ఊగిసలాటలో గట్టిగా వినిపించింది. అది తోసిపుచ్చదగిన వాదన కూడా కాదు. నౌపడ లాంటి చోట్ల అయొడిన్ కలిపే యంత్రం ఎవరు పెట్టాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్నది వైద్యుడు జవాబు చెప్పగల ప్రశ్న కాదు.

ఇక తెలివి లెక్క. 1994లో బ్లైక్‌రోట్, బోర్న్ అనే ఇద్దరు అప్పటి అధ్యయనాలన్నీ కలిపి చూసి, అయొడిన్ కొరత ఉన్న చోట ఐక్యూ సగటున 13.5 పాయింట్లు తక్కువని రాశారు. ఈ అంకె ఇప్పటికీ ప్రతి పోస్టరు మీదా కనిపిస్తుంది. కాస్త జాగ్రత్తగా చదవాల్సిన అంకె. అయొడిన్ లేని ఊళ్లు చాలావరకు దారీ, బడీ, డాక్టరూ లేని ఊళ్లు కూడా. ఏ లోటు ఎంత తిన్నదో విడదీయడం కష్టం. అందుకని లాటరీ తీసి కొందరికి అయొడిన్, కొందరికి ఉత్త నూనె ఇచ్చి చూసే ప్రయోగాలు వచ్చాయి. 2006లో ప్రచురితమైన అల్బేనియా ప్రయోగంలో 10 నుంచి 12 ఏళ్ల పిల్లలు 310 మందిని తీసుకున్నారు. ఆర్నెల్ల తర్వాత అయొడిన్ తీసుకున్నవాళ్లు ఏడు పరీక్షల్లో నాలుగింట మెరుగయ్యారు. వాళ్లకు కొరత ఒక మోస్తరుగా ఉంది.

కొరత స్వల్పంగా ఉంటే? బెంగళూరులోనూ బ్యాంకాక్‌లోనూ 832 మంది గర్భిణులపై జరిగిన ప్రయోగం 2017లో ఫలితం ఇచ్చింది. సగం మందికి రోజుకు 200 మైక్రోగ్రాముల అయొడిన్, సగం మందికి ఉత్త మాత్ర. బిడ్డలకు అయిదారేళ్లు వచ్చాక తెలివి పరీక్షలు చేస్తే తేడా కనబడలేదు. అల్బేనియాలో పనిచేసింది బెంగళూరులో ఎందుకు పనిచేయలేదు? ఎందుకంటే బెంగళూరు తల్లుల వంటింట్లో అయొడిన్ ఉప్పు అప్పటికే ఉంది. లోటున్న చోట పోసింది నిలిచింది, నిండిన చోట పోసింది పొర్లిపోయింది. మనసుకూ తెలివికీ ఫలానాది మంచిదని చెప్పే ప్రతి ప్రకటన దాటేసే ప్రశ్న ఇదే: ఈ మనిషికి దీని లోటు ఉందా?

హైదరాబాదుకు వస్తే ఇదే ప్రశ్న ఇంకో రూపంలో కనిపిస్తుంది. కూనూరు పరిశోధనశాలలు 1950ల చివర్లో తార్నాకకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయ్యాయి. అక్కడ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య పెల్లాగ్రా వెంట పడ్డారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలవుతాయి, మనిషి దిగులుగా ఒక మూల కూర్చుంటాడు, ముదిరితే మతి తప్పుతుంది. నయాసిన్ అనే విటమిన్ కొరత వల్ల వచ్చే ఈ జబ్బు ప్రపంచమంతటా మొక్కజొన్న తినేవాళ్లదని పేరు. దక్కన్‌లో మాత్రం జొన్న తినే బీదల్లో కనిపించింది. జొన్నలో నయాసిన్ గానీ, దేహం నయాసిన్ తయారుచేసుకునే ట్రిప్టోఫాన్ గానీ మరీ తక్కువేమీ కాదు. ఎక్కువగా ఉన్నది లూసిన్ అనే అమైనో ఆమ్లం. అది ఆ తయారీకి అడ్డుపడుతోందని 1960లో లాన్సెట్ పత్రికలో వాళ్లు రాశారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది, అందరూ ఒప్పుకోలేదు.

మనసు సంగతి మాత్రం పెల్లాగ్రా వార్డుల్లో కొలతకు దొరికింది. కమలా కృష్ణస్వామి తోటివారితో కలిసి పెల్లాగ్రా రోగుల మెదడు తరంగాలను ఈఈజీతో నమోదు చేశారు. 1970లో పి.ఎస్.వి. రమణమూర్తితో కలిసి, వాళ్ల రక్తంలోని ప్లేట్‌లెట్లలో సెరొటోనిన్ అనే రసాయనానికీ మానసిక మార్పులకూ ఉన్న సంబంధంపై వ్యాసం రాశారు. 1971లో గోపాలన్‌తో కలిసి, లూసిన్‌కు విరుగుడుగా ఐసోలూసిన్ ఇస్తే చర్మంపైనా ఈఈజీపైనా ఏం జరుగుతుందో ప్రచురించారు. సెరొటోనిన్‌పై పనిచేసే దిగులు మాత్రలు ప్రపంచ మార్కెట్టును ముంచెత్తడానికి ఇంకా దాదాపు ఇరవై ఏళ్లుంది. అప్పటికే జొన్న తినే కూలీల దిగులుకూ తిండిలోని ఒక ఆమ్లానికీ మధ్య దారి వెదికిన తెలుగు నేల పరిశోధన అది. మన మనోవైద్య పుస్తకాల్లో దీనికి దక్కిన చోటు చాలా చిన్నది. జొన్న తినేవాళ్లు వరికి మారాక జబ్బూ తగ్గింది, దాని పేరూ మరుగున పడింది.

అదే సంస్థ దగ్గర మరో ప్రయోగం ఉంది. హైదరాబాదు శివార్లలో ఓ హాస్టలు బడిలో పిల్లలకు 14 నెలలు విటమిన్లు, ఖనిజాలు కలిపిన పానీయం ఇచ్చారు. కొందరికి అవి లేని పానీయం. 2006లో షహనాజ్ వజీర్ తదితరులు ఫలితం ప్రచురించారు. ఏకాగ్రత మెరుగైంది. ఐక్యూ, జ్ఞాపకశక్తి, మార్కులు పెరగలేదు. పిల్లాడికి ఫలానా పొడి పాలలో కలిపి పట్టిస్తే ఫస్టు ర్యాంకు అని టీవీలో చెప్పేవాళ్లు మొదటి వాక్యం తీసుకుని రెండోది వదిలేస్తారు.

ఐరన్ కథ కొంత నమ్మకంగా ఉంది. ఐరనూ అయొడినూ రెండూ కలిపిన ఉప్పును డార్జిలింగ్ తేయాకు తోటల్లో ఆకు కోసే ఆడవాళ్లకు ఇచ్చి చూసిన ప్రయోగం 2017లో అచ్చయింది. చూపు చురుకుదనం, ఏకాగ్రత, జ్ఞాపకం మెరుగయ్యాయి. వాళ్లలో ఐరన్ లోటు ఎక్కువగా ఉంది. ఇలాంటి ఉప్పుపై హైదరాబాదు సంస్థ ఏళ్ల తరబడి పనిచేసింది.

లోటు తీర్చే మందు కూడా ఒక్కోసారి ఇంకో లోటును దాచిపెడుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ ప్రయోగశాలలో 1940ల నడుమ ఫోలిక్ ఆమ్లం తయారైంది. రక్తహీనతకు అది అద్భుతంగా పనిచేసింది. బి12 లేక రక్తం తగ్గినవాళ్లకు ఉత్త ఫోలిక్ ఆమ్లమే ఇస్తే రక్తం పెరుగుతుంది గానీ, లోపల నరాలు దెబ్బతినడం ఆగదు. తిమ్మిర్లు, మతిమరుపు, చిరాకు ముదురుతాయి. ముసలమ్మకు బలం సూది పొడిపించి రక్తం బాగుందని ఇంటికి తీసుకొచ్చే ముందు, ఆ సూదిలో ఏముందో అడగడం నామోషీ కాదు.

ఇక మందులు. ఇక్కడ 1949 ఒక విచిత్రమైన ఏడాది. ఆ ఏడాది లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్, పిచ్చి అనుకుని ఆస్పత్రుల్లో పడేసిన 14 మందికి అసలు ఉన్నది థైరాయిడ్ లోపమని, గ్రంథి సారం ఇస్తే చాలామంది మామూలయ్యారని రాశాడు. బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్, రక్తపోటుకు సర్పగంధ వేరు పనిచేస్తుందని బ్రిటిష్ పత్రికలో ప్రకటించాడు. మెల్‌బోర్న్‌లో జాన్ కేడ్, ఉన్మాదంతో ఉన్న పదిమందికి లిథియం లవణం ఇచ్చి వాళ్లు శాంతించడం చూశాడు. అదే ఏడాది అమెరికాలో, గుండె జబ్బువాళ్లు మామూలు ఉప్పు మానేసి తినమని అమ్మిన లిథియం క్లోరైడ్ ‘ఉప్పు’ తిని కొందరు చనిపోయారు. దాన్ని వెంటనే మార్కెట్టు నుంచి తీసేశారు. ఒక ఉప్పు వంటకు రుచి, ఇంకో ఉప్పు కొలిచి ఇస్తే మనసుకు మందు, చూసుకోకుండా చల్లుకుంటే విషం!

సర్పగంధ నుంచి తీసిన రిసర్పిన్ వాడినవాళ్లలో కొందరు దిగులులో పడ్డారని 1950లలో వార్తలొచ్చాయి. అది మెదడులో సెరొటోనిన్‌ను ఖాళీ చేస్తుందని తేలడంతో, దిగులంటే మెదడులో రసాయనాల కొరత అనే సిద్ధాంతం పుట్టింది. పాత కేసులు మళ్లీ తిరగేసినవాళ్లు ఆ ముడి అనుకున్నంత గట్టిది కాదంటున్నారు. సిద్ధాంతం మాత్రం కోట్ల మాత్రలు అమ్ముకుంది. అయొడిన్ లోటును మూత్రపరీక్షతో చూడగలం. దిగులు పడిన మనిషిలో సెరొటోనిన్ లోటును చూపే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు.

లిథియం ఇప్పటికీ మంచి మందే. బైపోలార్ జబ్బులో ఆత్మహత్యలను తగ్గించడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. కానీ అది బయటికి పోయేది మూత్రపిండాల గుండానే. ఇక్కడే ఉద్దానం గుర్తుకు రావాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా మనుషులను తీసుకుపోతోంది. కిడ్నీ బలహీనపడితే లిథియం రక్తంలో పేరుకుంటుంది. ఎండలో చెమటోడ్చి నీరు తగ్గినా, ఉప్పు పూర్తిగా మానేసినా, ఒళ్లు నొప్పులకు కొన్ని రకాల గోలీలు మింగినా పెరుగుతుంది. పైగా లిథియం థైరాయిడ్‌ను అణుస్తుంది. అణిగిన థైరాయిడ్ మళ్లీ దిగులే తెస్తుంది. విశాఖలో రాసిన చీటీ మీద కవిటిలో మందు కొనుక్కునే మనిషికి కిడ్నీకి క్రియాటినిన్, రక్తంలో లిథియం స్థాయి, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్షలు ఎవరు గుర్తుచేయాలో తేలాలి.

కిడ్నీ జబ్బువాళ్లలో దిగులు మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. మాత్ర ఇస్తే తగ్గుతుందా? అమెరికాలో 201 మంది కిడ్నీ రోగులపై, డయాలిసిస్ దాకా రానివాళ్లపై, 12 వారాలు సెర్ట్రలీన్ అనే దిగులు మాత్రను పరీక్షించారు. 2017లో ఫలితం వచ్చింది. మాత్ర తీసుకున్నవాళ్ల దిగులు స్కోరు 4.1 తగ్గింది. ఉత్త మాత్ర తీసుకున్నవాళ్లది 4.2 తగ్గింది. వికారం, విరేచనాలు మాత్రం అసలు మాత్రవాళ్లకే ఎక్కువ. ఉత్త మాత్రకే 4.2 ఎలా తగ్గింది? రోజులు గడిచేకొద్దీ దిగులు దానంతట అదే కొంత తేలికపడుతుంది. వాళ్లను ఎవరో క్రమం తప్పక పిలిచి, ఎలా ఉన్నావని అడుగుతుండటం కూడా కారణం కావచ్చు. రెండేళ్ల తర్వాత డయాలిసిస్ మీద ఉన్న 120 మందితో ఇంకో ప్రయోగం వెలువడింది. సగం మందికి సెర్ట్రలీన్, సగం మందికి డయాలిసిస్ కుర్చీ దగ్గరికే వచ్చి మాట్లాడే కౌన్సెలింగ్. ఈసారి మాత్ర కొద్దిగా ముందుంది, ఇబ్బందులూ దానికే ఎక్కువ. ఈ ప్రయోగంలో ఉత్త మాత్ర పొందిన మూడో గుంపు లేదు. కాంగ్రాలో మామూలు ఉప్పు తిన్న ఆ మూడో భాగం ఎంత అవసరమో ఇలాంటి చోటే తెలుస్తుంది.

పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. డయాలిసిస్‌కు వచ్చిన మనిషి ఒక్కో విడత సుమారు నాలుగు గంటలు కుర్చీలోనే ఉంటాడు, వారానికి రెండు మూడుసార్లు. అతను మాట తగ్గించి, తిండి మీద ధ్యాస లేక, పొద్దస్తమానం నిద్రమత్తులో ఉన్నాడంటే కారణం దిగులే కానక్కర్లేదు. రక్తహీనత కావచ్చు. శుభ్రపడని రక్తం కావచ్చు. కిడ్నీ జబ్బులో సాధారణంగా కనిపించే థైరాయిడ్ మందగమనం కావచ్చు. పైకి నాలుగూ ఒకలాగే ఉంటాయి. హిమోగ్లోబిన్, యూరియా, టీఎస్‌హెచ్ మూడూ సూది పొడిచిన ఆ నెత్తుటిలోనే తేలతాయి. దిగులు మాత్ర చీటీ ఆ తర్వాత రాయవచ్చు.